గదిలో రెండో మనిషి

మర్నాడు కూడా ఆ ఇంట్లో రేడియో మోగలేదు.

రేడియో అంటే ఆ ఇంటి పెద్దావిడే. వీధి వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది, ఆవిడా పలుకుతుంది. కూరలు తరుగుతూ కూరల గురించీ, బట్టలు ఆరేస్తూ ఎండ గురించీ, ఏ పనీ లేకపోతే ఏ పనీ లేకపోవడం గురించీ మాట్లాడగల మనిషి. అలాంటిది, కొడుకు ఆ ఒక్క ప్రశ్న వేసినప్పటి నుంచి నోటికి తాళం వేసుకుంది.

అన్నం వడ్డించింది, మాట్లాడలేదు. మనవరాలికి తల దువ్వి బడికి పంపింది, మాట్లాడలేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, ఒంట్లో బాగోలేదా అని అడిగితే తలూపింది. ఆ తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో పక్కింటావిడకి అంతుబట్టలేదు.

కొడుక్కి కళ్ళద్దాల దుకాణం ఉంది. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, "ఇప్పుడు బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడం పొద్దస్తమానం అతని పని. ఆ అలవాటే ఇంటికీ మోసుకొస్తాడు. ఏది అడిగినా రెండు జవాబులిచ్చి ఒకటి ఏరుకోమంటాడు. తల్లినీ అలాగే అడిగాడు.

"అమ్మా, ఆ గంటసేపట్లో నువ్వు మాట్లాడావా, మాట్లాడలేదా?"

ఆ గంట కోడలి పరీక్ష గంట. పాప పుట్టకముందు కోడలు డేటాబేస్ పని చేసేది. అంటే ఏమిటని పెద్దావిడ అప్పట్లో అడిగితే, లక్షల మంది వివరాలు ఒక పద్ధతిలో దాచిపెట్టి అడిగినప్పుడు తీసిచ్చే పని అంది. పెద్ద బీరువా సర్దడమన్నమాట అనుకుని పెద్దావిడ తృప్తి పడింది. పాప పుట్టాక ఆ బీరువా మూతపడింది. ఇన్నేళ్ళకి ఒక పెద్ద కంపెనీ, పిల్లల కోసం పని మానేసిన ఆడవాళ్ళని మళ్ళీ తీసుకుంటామని ఊరంతా చాటింది. కోడలు నెలల తరబడి చదివింది. కాకపోతే అక్కడ పరీక్ష పెట్టేదీ ఏఐ, కాపలా కాసేదీ ఏఐ, ఎవరు పనికొస్తారో తేల్చేదీ ఏఐ. ఇంట్లో కెమెరా ముందు ఒంటరిగా కూర్చోవాలి. ఇంకో మనిషి చప్పుడు వినబడకూడదు.

ఆ గంటసేపు పెద్దావిడ చేసినవి చెప్పుకుంటే ముచ్చటేస్తుంది. పాపని పక్కింటికి పంపేసింది. తలుపు గంటలోంచి బ్యాటరీ ఊడబెరికింది. పొయ్యి మీద కుక్కర్ పెట్టలేదు. పెరటి మెట్టు మీద, పెదాలు రెండూ లోపలికి మడిచి కూర్చుంది. తెలిసినావిడ ఒకామె కబుర్లకని వస్తే చేత్తోనే వెళ్ళగొట్టింది. జీవితంలో నోటిని అంతసేపు పస్తు పెట్టడం ఆవిడకి అదే మొదలు. పరీక్ష అయిందని కోడలు తలుపు తీసినప్పుడు, పాసైంది తనే అన్నంత గర్వంగా లేచి నిలబడింది.

ఆ సాయంత్రమే కబురొచ్చింది. పరీక్ష జరుగుతుండగా గదిలో రెండో మనిషి ఉన్నారు, పెద్ద వయసు ఆడమనిషి, సలహాలిచ్చారు, కాబట్టి మిమ్మల్ని తీసుకోవడం లేదు అని. అభ్యంతరం ఉంటే ఆ రెండో మనిషిని వెంటబెట్టుకుని ఆఫీసుకి రావచ్చట. ఆమె గొంతు పోల్చి చూస్తారట.

పెద్ద వయసు ఆడమనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది మరి.

కొడుకు అడిగినందుకు కాదు ఆవిడ బాధ. కొడుకు బుర్ర ఎంతో కన్నతల్లికి తెలుసు. అతను అడిగినప్పుడు కోడలు అక్కడే ఉంది. "అత్తయ్య అలా చెయ్యరు" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. బల్ల దగ్గర, చేతిలోని టీ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

ఇవాళ పొద్దున్న అదే బల్ల దగ్గర మొగుడూ పెళ్ళాలు మళ్ళీ మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్ళాలా వద్దా అన్నది తగువు. ఇంకో కంపెనీ చూసుకోవచ్చని అతను. ఏ కంపెనీకి వెళ్ళినా ఇది తన వెనకే వస్తుందని ఆమె. అయితే పొరపాటున అమ్మ నోరు జారిందని చెప్పి క్షమాపణ అడిగేస్తే వాళ్ళే కరుగుతారని అతను.

పెద్దావిడ గిన్నెలు తోముతోంది. ఆ మాటకి చెయ్యి ఆగింది.

"జరగనిది జరిగిందని ఎలా చెప్పమంటారు?" అంది కోడలు.

"మరి మాట్లాడింది ఎవరు?"

కోడలు జవాబివ్వలేదు. ఆ జవాబు లేకపోవడమే వంటగదిలోకి స్పష్టంగా వినిపించింది. పెద్దావిడ గిన్నె మీద పీచుని ఇంకాస్త గట్టిగా రుద్దింది.

అప్పుడే కోడలి ఫోన్ మోగింది. రాత్రి తను అడిగిన రికార్డింగ్ ముక్కని కంపెనీ పంపింది. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. దోషి తనే అయినప్పుడు సాక్ష్యం వినే హక్కు తనకీ ఉందనుకుంది.

ముందు కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత కోడలి గొంతు, తనలో తను గొణుక్కుంటూ. "రెండేసిసార్లు పడ్డవి తీసేస్తే చాలు. అంతేగా."

ఆ వెంటనే ఇంకో గొంతు. లోతుగా, కాస్త బొంగురుగా, విసుగూ నిదానమూ కలిసినట్టు.

"ఆగవే. అప్పుడే కత్తెర పెట్టకు. తిరగేసి చూశావా?"

"చూడలేదు" అంది కోడలి గొంతు, చిన్నపిల్లలా.

"చూడకుండా కోసేస్తావా? ఏం తెగిపోతుందో చూసుకో ముందు."

"సరే, చూస్తున్నాగా."

రికార్డింగ్ అయిపోయింది. కొడుకు మెల్లగా తల తిప్పి తల్లికేసి చూశాడు. ఆ చూపుకి ఇంకొకప్పుడైతే ఇల్లెగిరిపోయేది. పెద్దావిడ అది గమనించనే లేదు. గుమ్మం పట్టుకుని ఫోన్‌కేసే చూస్తోంది.

ఆ గొంతు ఆవిడ ఎరిగిందే. ఇదే బల్ల దగ్గర, ఇల్లు కొన్న కొత్తలో, కిటికీలన్నిటికీ తెరలు కుట్టిపెడతానని వచ్చి కూర్చున్న గొంతు అది. వియ్యపురాలు. కోడలి తల్లి. కుట్టుపని చేసి ఒక్కగానొక్క కూతుర్ని ఇంజనీరింగ్ చదివించిన మనిషి. గుడ్డ పరిచిన దగ్గర్నుంచీ తనతో తనే మాట్లాడుకునేది. తిట్టుకునేది, బుజ్జగించుకునేది, మెచ్చుకునేది. రేడియోకి జీవితంలో పోటీ అంటూ వచ్చింది ఆ ఒక్కావిడే. ఎదుటివాళ్ళతో మాట్లాడేవాళ్ళనైతే మాటల్లో గెలవొచ్చు, తనలో తను మాట్లాడుకునేదాన్ని ఏం గెలుస్తాం అని అప్పట్లో ఉడుక్కుంది. ఆ మనిషి పోయి రెండేళ్ళు దాటింది.

"అది మీ అమ్మ గొంతు" అంది పెద్దావిడ.

ఆవిడ నోరు విప్పిందని కూడా ఎవరికీ తట్టలేదు. కోడలు ఫోన్‌కేసి చూసింది, అత్తగారికేసి చూసింది. పెదాల మీద చెయ్యి పెట్టుకుంది.

"నేనా? అది నేనేనా?"

"నువ్వే. నీ నోట్లోంచే. మీ అమ్మ తెరలు కుట్టిన మూడు రోజులూ నేను విన్నది అచ్చు ఇదే. కత్తెర చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఇదే రాగం."

కోడలు పెదాల మీంచి చెయ్యి తీసింది. తర్వాత మెల్లగా చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో బల్ల ఒకటే ఉండేదట. ఆ చివర అమ్మ గుడ్డ కత్తిరిస్తుంటే ఈ చివర తను లెక్కలు చేసుకునేదట. అమ్మ తనని తాను తిట్టుకుంటుంటే, ఆ తిట్లు తనకే అనుకుని లెక్క మళ్ళీ సరిచూసుకునేదట. ఇప్పటికీ కష్టమైన పని ముందు కూర్చుంటే బల్లకి ఆ చివర ఎవరో ఉన్నట్టే ఉంటుందట. పైకి మాట్లాడుతున్నానని మాత్రం ఈ క్షణం దాకా తెలీదట.

"అత్తయ్యా" అంది ఆఖర్న, "మీరే అనుకున్నాను. నా చెవికి ఏమీ వినబడలేదు, అయినా మీరే అయ్యుంటారు అనుకున్నాను."

"అనుకుంటావులే. నా పేరు అలాంటిది" అంది పెద్దావిడ. గొంతులో కోపం వెతుక్కుంటే దొరకలేదు. వచ్చి కోడలి పక్కన కూర్చుంది. "ఇంకోసారి పెట్టు, విందాం."

ఇంకోసారి విన్నారు. మళ్ళీ విన్నారు. కొడుకు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

"ఇక లే" అంది రేడియో. "ఆ యంత్రానికి నా గొంతు కావాలన్నారుగా. కావలసినంత ఇచ్చి వద్దాం."

ఆఫీసులో గదులన్నీ గాజువే. ఎవరు ఎవర్ని తిడుతున్నారో కనబడుతుంది గానీ వినబడదు. అత్తాకోడళ్ళిద్దర్నీ కూర్చోబెట్టిన చోట ఇద్దరున్నారు. ఒకరు నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మేడం. ఇంకొకరు చురుకైన కుర్ర ఆఫీసరు. అతని కళ్ళజోడు ముక్కు మీద ఒక పక్కకి జారి ఉండటం పెద్దావిడ రాగానే చూసింది. దుకాణం తమదే అని చెప్పబోయి, ఇప్పుడు కాదులే అనుకుంది.

గోడకున్న తెర మీద చిన్న ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. పరీక్ష రాసేవాళ్ళు ఒంటరిగా ఉన్నంతసేపూ అది ఆకుపచ్చట. రెండో మనిషి ఉన్నారని యంత్రానికి అనిపిస్తే ఎర్రబడుతుందట.

ముందు పెద్దావిడ గొంతు తీసుకున్నారు. ఏదైనా ఒక్క నిమిషం మాట్లాడమన్నారు. నిన్నటి నుంచి నిలవున్న సరుకంతా బయటికొచ్చింది. ఇక చాలమ్మా అని ఆఫీసరు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. యంత్రం పోల్చి చూసి, ఈ గొంతు ఆ గొంతు కాదని తేల్చింది.

పెద్దావిడ వెనక్కి ఆనుకుని దర్జాగా కూర్చుంది. ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు.

"అంటే ఇంట్లో మీరిద్దరూ కాక మూడో వ్యక్తి ఉన్నారన్నమాట" అన్నాడు ఆఫీసరు.

ఆ గొంతూ తనదేనంది కోడలు. అమ్మ సంగతి చెప్పింది. ఆఫీసరు మర్యాదగానే విన్నాడు, మర్యాదగానే నవ్వాడు. అలాగైతే ఇప్పుడు ఒకసారి ఆ గొంతుతో మాట్లాడి చూపించమన్నాడు.

కోడలిని గాజు గదిలో ఒంటరిగా కూర్చోబెట్టారు. మైకు పెట్టారు, ఒక లెక్క ఇచ్చారు. ముగ్గురూ బయట తెర ముందు నిలబడ్డారు. లోపల కోడలు లెక్క చేసింది. మొహం బిగుసుకుపోయి ఉంది. నోరు తెరిచింది, మూసింది. "ఆగవే" అని ఒకసారి అంది కూడా. అది తన మామూలు గొంతుతోనే, నాటకంలో వంతు వచ్చి పలికినట్టు పలికింది. చుక్క ఆకుపచ్చగానే ఉంది.

అద్దం లోంచి అత్తగారికేసి చూసింది. ఆ చూపు పెద్దావిడకి అర్థమైంది. ఇక్కడితో అయిపోతే ఆ పిల్ల అబద్ధాలకోరుగా బయటికెళుతుంది. మళ్ళీ ఏ పరీక్షకీ కూర్చోదు. కూర్చోమని చెప్పే మొహం తమకీ ఉండదు.

"మేడం గారూ" అంది పెద్దావిడ. "మీరిచ్చింది చిన్న లెక్కండీ. తప్పు చేసినా పోయేదేం లేదు. అలాంటిదానికి ఆ గొంతు రాదు. మా వియ్యపురాలు పాతగుడ్డ మీద ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఖరీదైన గుడ్డ, చాలీచాలని గుడ్డ చేతికొస్తేనే మాట్లాడేది. తప్పు చేస్తే నిజంగా చెడిపోయేదేదైనా ఇవ్వండి."

ఆఫీసరు ఏదో అనబోయాడు. మేడం చేత్తో ఆపింది. ఆవిడ పెద్దావిడకేసి కాసేపు చూసి, తనే కంప్యూటర్ ముందు కూర్చుంది.

అది వాళ్ళ ఆఫీసు బస్సుల పట్టిక. ఏ ఉద్యోగి ఏ స్టాపులో ఎక్కుతారో అందులో ఉంటుంది. నిన్న ఏదో తేడా జరిగి పేర్లన్నీ రెండేసి మూడేసి పడ్డాయట. ముట్టుకోవడానికి అందరూ జంకుతున్నారట. ఎవరి పేరు పొరపాటున చెరిగినా రేపు పొద్దున్న వాళ్ళు రోడ్డు మీద నిలబడిపోతారు. మేడం బయటి మైకులో కోడలికి అంతా చెప్పి, వేరే నకలు లేదని కూడా చెప్పింది.

కోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది. కాసేపటికి భుజాలు సడలాయి. బయట ముగ్గురున్నారన్న సంగతే మర్చిపోయింది. చూపుడు వేలితో బల్ల మీద గీతలు గీస్తోంది, గుడ్డ మీద సుద్దతో గీసినట్టు. 

"పేరూ స్టాపూ ఒకటే అయితే ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యి" అంది కోడలి గొంతు.

"ఆగవే."

స్పీకర్లోంచి వచ్చింది. లోతుగా, బొంగురుగా, నిదానంగా.

"ఒకే పేరుతో ఒకే స్టాపులో ఇద్దరుండకూడదా? ఒకటే అనుకుని కత్తిరించావంటే ఒకమ్మాయి రోడ్డు మీద నిలబడుతుంది. తిరగేసి చూడు."

"అవునే. ఉద్యోగుల నంబర్లు వేరు. చూస్తున్నా."

చుక్క ఎర్రబడింది. తెర మీద అక్షరాలు పడ్డాయి. రెండో మనిషి ఉన్నారు, పెద్ద వయసు ఆడమనిషి.

గాజు గదిలో కోడలు ఒక్కతే ఉంది. నలుపక్కలా అద్దాలే. ఆఫీసరు చటుక్కున వంగి అద్దం లోంచి బల్ల కిందికి చూశాడు. వంగినప్పుడు కళ్ళజోడు జారి కింద పడింది. పెద్దావిడ దాన్ని తీసి, కాడ సరిచేసి అతని చేతిలో పెట్టింది.

ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి.  పిల్లని కన్నది తను కాదు, పెంచింది తను కాదు, అయినా ఆ గాజు గదిలో కూర్చున్నది తన ఇంటి మనిషి అని ఆ ఆఫీసులో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి చెప్పాలనిపించింది. ఆ బొంగురు గొంతు మీద ఒకప్పుడు ఉడుక్కున్నందుకు సిగ్గేసింది కూడా.

కోడలు పని ముగించేదాకా ఎవరూ కదల్లేదు. ఒక్క పేరూ పోలేదు. మేడం రెండుసార్లు సరిచూసుకుంది.

"పొరపాటు మాది" అంది మేడం మైకులో. ఆ మాట అనడం ఆవిడకి అలవాటున్నట్టు లేదు. "సోమవారం వచ్చి చేరండి. ఈ సంగతి మాత్రం ఇక్కడితో వదిలేద్దాం. బయట అనవసరంగా చర్చ ఎందుకు?"

లోపల కోడలు మొహం వెలిగింది. పెద్దావిడ చేతిసంచిలో ఫోన్ గరగరలాడింది. కొడుకు. బాగా జరిగిందా, జరగలేదా అని మెసేజ్ పెట్టాడు. జరిగిందని కొట్టబోతూ ఆవిడ ఆగింది. కోడలు ఏదో అడుగుతోంది.

"ఇలా యంత్రం పంపించేసినవాళ్ళు ఇంకా ఉన్నారాండీ?"

ఆఫీసరు మేడంకేసి చూశాడు. మేడం దాచలేదు. చాలామందే ఉన్నారంది. ఎక్కువమంది మీలాగే ఇంటి నుంచి రాసిన ఆడవాళ్ళు. కొందరి దగ్గర పిల్లల గొంతు వినబడిందంది, కొందరి దగ్గర పెద్దవాళ్ళ గొంతు. నిజంగా సాయం తీసుకున్నవాళ్ళూ ఉండొచ్చు అంది. అభ్యంతరం చెప్పుకోవడానికి ఇక్కడిదాకా వచ్చింది మీరొక్కరే అంది.

మిగతావాళ్ళు ఎందుకు రాలేదో పెద్దావిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఇళ్ళన్నిట్లోనూ ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేసే ఉంటారు, నువ్వు మాట్లాడావా, మాట్లాడలేదా అని. ఏ అత్తగారు, ఏ అమ్మ, ఏ ఆడపడుచు అప్పటి నుంచీ నోటికి తాళం వేసుకుని గిన్నెలు తోముకుంటోందో.

"అయితే సోమవారం" అంది మేడం. "సరేనా?"

కోడలు సరేనని తలూపబోయింది. ఆ సరే కోసం నెలల తరబడి నిద్ర మానుకుని చదివింది. తల సగం దాకా వంగింది కూడా.

"ఆగవే" అంది ఆ గొంతు. "ఏం తెగిపోయిందో చూసుకోవా?"

ఈసారి కోడలు తన గొంతు తనే విన్నది. విన్నట్టు మొహంలో తెలిసింది. చుక్క మళ్ళీ ఎర్రబడింది.

"వాళ్ళందరివీ మనుషులు కూర్చుని ఒకసారి తిరగేసి చూడాలండీ" అంది, తన గొంతుతో. "చూస్తామని అందరికీ చెప్పాలి. ఆ తర్వాత వచ్చి చేరతాను."

మేడం మొహం ముడుచుకుంది. "షరతులు పెడితే ఈ ఉద్యోగం ఉండకపోవచ్చు."

"తెలుసండీ."

 పిచ్చిదానా, చేతికొచ్చింది వదులుకుంటావా అని పెద్దావిడకి అరవాలనిపించింది. అరవలేదు. పెరటి మెట్టు మీద మడుచుకున్నట్టే పెదాలు లోపలికి మడుచుకుంది. రేడియో ఇష్టపడి ఊరుకోవడం అదే మొదటిసారి.

యంత్రం కీచుమంది. తెర మీద కొత్త ప్రశ్న పడింది. ఆఫీసరు అలవాటు కొద్దీ పైకి చదివాడు. "గదిలో ఉన్న రెండో మనిషి ఎవరో తెలపండి."

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఏం కొట్టాలో తోచక మేడంకేసి చూశాడు. 

"మా వియ్యపురాలు" అంది పెద్దావిడ. "రాసుకోండి."

మేడం ఆవిడకేసి చూసింది. తర్వాత మైకు ఆపేసి, గాజు గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెనకాలే మూసుకుంది.

పెద్దావిడ అద్దానికి దగ్గరగా జరిగింది. లోపల మేడం కుర్చీ లాక్కుని బల్లకి ఆ చివర కూర్చుంది. కోడలి పెదాలు కదులుతున్నాయి. ఏ గొంతుతో మాట్లాడుతోందో బయటికి వినిపించడం లేదు.